గుంటూరు మిర్చి కొలంబో పంపాలంటే

ముందు కాగితాలు చూసుకోండి. ఐఈసీ నంబర్ (ఎగుమతి, దిగుమతి చేసేవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే కోడ్), స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ లేకుండా యార్డులో సరుకు కొన్నా ఉపయోగం లేదు, వడ్డీ తప్ప. ఎండుకాయకు హెచ్ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకును గుర్తించే అంకె) 090421, పొడి అయితే 090422.

అసలు పని సరుకు దగ్గరే ఉంది. టిక్కీ, అంటే మిర్చి బస్తా, పైపైన చూసి బేరం ఆడొద్దు, చెయ్యి లోపలికి పెట్టి అడుగు కాయ తీయండి. విరిస్తే ఠక్కుమనాలి. మెత్తగా వంగిందంటే తేమ ఉన్నట్టే, ఆ తేమకు కంటైనర్‌లో బూజు పట్టి అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) పరీక్షలో పోతుంది. నేనైతే తేమ 11 శాతం దాటిన లాట్ ముట్టుకోను. తాలు కాయ (రంగు పోయి తెల్లబడినది) ఏరించండి, ముచ్చిక తీయాలా వద్దా అన్నది కొనేవాళ్లను ముందే అడిగి రాయించుకోండి.

ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (సరుకులో పురుగు, తెగులు లేవనే పత్రం), బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) మామూలే. చెన్నై రేవు నుంచి ఎక్కించొచ్చు. కొలంబోలో దిగే కంటైనర్లలో ఎక్కువ భాగం అక్కడ ఓడ మారి వేరే దేశాలకు పోయేవే, అందుకే బిల్లులో చివరి గమ్యం కొలంబో అనే ఉందా అని ఒకటికి రెండుసార్లు చదవండి. డబ్బు విషయంలో మొహమాటం వద్దు. కొత్త పార్టీ అయితే ఎల్‌సీ (కొనేవాళ్ల బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ), లేదా సగం అడ్వాన్స్.