ఐడియా అడగకండి, ప్రశ్న అడగండి

ఆంత్రప్రెన్యూర్‌షిప్ పాఠాలు చెప్పేవాళ్లు మొదటి రోజే "మీ బిజినెస్ ఐడియా ఏంటి?" అని అడిగితే పిల్లలకు టెన్షన్ తప్ప ఏమీ రాదు. వస్తే మరో డెలివరీ యాప్! దానికి బదులు వారం రోజులు "ఇది ఇలాగే ఎందుకుంది?" అనిపించినవన్నీ ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకు రమ్మనండి. జవాబులు వద్దు, ప్రశ్నలు చాలు.

1943లో పోలరాయిడ్ కంపెనీ పెట్టిన ఎడ్విన్ లాండ్‌ను ఆయన మూడేళ్ల కూతురు, తీసిన ఫోటో వెంటనే ఎందుకు చూడలేమని అడిగింది. ఆ ప్రశ్నను ఆయన నవ్వి వదిలేయలేదు. 1948లో పోలరాయిడ్ ఇన్‌స్టంట్ కెమెరా అమ్మకానికి వచ్చింది.

వారం తర్వాత ఒక్కో విద్యార్థి ఒక్క ప్రశ్న ఎంచుకుని, ఆ ఇబ్బంది నిజంగా పడుతున్న ముగ్గురితో మాట్లాడాలి. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. "ఇలాంటిది తయారుచేస్తే కొంటారా?" అంటే మొహమాటానికి అందరూ కొంటామనే అంటారు. "పోయినసారి ఈ సమస్య వచ్చినప్పుడు ఏం చేశారు? ఎంత ఖర్చయింది?" అని అడగమనండి. ఏమీ చేయలేదంటే అది వాళ్లకు పెద్ద సమస్య కాకపోవచ్చు, ఇంకో ప్రశ్న తీసుకోవచ్చు.

మార్కులు కూడా ఐడియాకు కాకుండా ఆ నోట్‌బుక్‌కే వేయండి.