గూస్ ఐలండ్‌లో వూపింగ్ క్రేన్లు: హ్యూస్టన్ నుంచి ఒక చలికాలపు వారాంతం

హ్యూస్టన్‌లో ఉండే మనవాళ్లు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ముందు గాల్వెస్టన్, శాన్ ఆంటోనియో తిప్పుతారు. వచ్చింది చలికాలంలో అయితే మాత్రం రాక్‌పోర్ట్ దగ్గరున్న గూస్ ఐలండ్ స్టేట్ పార్క్‌కి తీసుకెళ్లండి. ఉత్తర అమెరికాలోకెల్లా ఎత్తైన పక్షి వూపింగ్ క్రేన్ అక్కడ కారు దిగకుండానే కనబడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా హాయిగా చూడొచ్చు.

ఈ కొంగలు కెనడాలోని వుడ్ బఫెలో నేషనల్ పార్క్‌లో గుడ్లు పెట్టి, పిల్లలతో సుమారు 2,500 మైళ్లు ఎగిరి ఈ టెక్సాస్ తీరానికి వస్తాయి. అక్టోబరులో రాక మొదలవుతుంది, మార్చి చివరి నుంచి తిరుగుముఖం పడతాయి. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా వెళ్తే మంచిది.

దారి తేలికే. హైవే 59 మీద వార్టన్, విక్టోరియా దాటి, హైవే 77 మీద రెఫ్యూజియో వెళ్లి, అక్కడ 774 రోడ్డు పట్టుకుని 35వ నంబరు రోడ్డు ఎక్కితే పార్కు ఉన్న ఊరు లమార్ వస్తుంది. మొత్తం మూడు గంటల పైచిలుకు. విక్టోరియాలోనే గ్యాస్ కొట్టించి, పెద్దవాళ్లని రెస్ట్‌రూమ్‌కి వెళ్లి రమ్మనండి. ఆ తర్వాత ఊళ్లు పలచబడతాయి. పార్కులో టెంట్, ఆర్వీ సైట్లు ఉన్నాయి. పెద్దవాళ్లుంటే రాక్‌పోర్ట్‌లోనో ఫుల్టన్‌లోనో హోటల్ తీసుకోవడమే సుఖం. డే పాస్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి, శనివారాలు నిండిపోవచ్చు.

అసలు సంగతి ఎక్కడ చూడాలన్నది. చాలామంది పార్కు గేటు దాటి, పొడవాటి ఫిషింగ్ పియర్ మీద నడిచి, పెలికాన్లని చూసి వచ్చేస్తారు. కొంగల కోసం మాత్రం గేటు బయటికి రావాలి. పార్కుకే చెందిన ‘బిగ్ ట్రీ’ అనే పెద్ద ఓక్ చెట్టు కాస్త దూరంలో విడిగా ఉంటుంది. దాని దగ్గర్నుంచి సెయింట్ చార్లెస్ బే వైపు వెళ్లే ఊరి రోడ్ల పక్కన పచ్చిక పొలాలున్నాయి. పొద్దున ఎండ పడే వేళ, మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాత అక్కడ మెల్లగా డ్రైవ్ చేయండి. ఒక చోట లేకపోతే ఇంకో చోటికి పరుగెత్తొద్దు. దారికి అడ్డం లేకుండా బండి పక్కకి ఆపి, ఇంజిన్ ఆపేసి, అద్దాలు దించి అరగంట కూర్చోండి. మనిషి దిగితే పక్షి జాగ్రత్త పడుతుంది, కదలని కారుని అంతగా పట్టించుకోదు.

తెల్లగా కనబడిన ప్రతి పక్షీ వూపింగ్ క్రేన్ కాదు. ఈగ్రెట్ కూడా తెల్లనిదే, కానీ ఎగిరేటప్పుడు మెడ ముడుచుకుంటుంది. క్రేన్ మెడ చాచి ఎగురుతుంది, రెక్కల కొసలు నల్లగా కనబడతాయి. నేల మీద నిలబడ్డప్పుడు ఆ నలుపు దాదాపు కనబడదు కాబట్టి నెత్తి మీద ఎరుపు, ఐదడుగుల ఎత్తు చూసుకోవాలి. బూడిద రంగువి శాండ్‌హిల్ క్రేన్లు, అవీ అదే పొలంలో మేస్తుంటాయి. తెల్ల జంట మధ్య ఇటుక రంగు మచ్చలతో ఒకటి కనబడితే అది ఆ ఏటి పిల్ల. ఎనిమిది రెట్లు పెద్దగా చూపించే 8x42 బైనాక్యులర్స్ సరిపోతాయి. మనిషికొకటి లేకపోయినా రెండైనా ఉండాలి, లేకపోతే ఒకరు చూసేలోపు పక్షి ఎగిరిపోతుంది.

మాది సూళ్లూరుపేట. పులికాట్‌లో ఫ్లెమింగోలని గుంపులు గుంపులుగా చూసిన మా నాన్నకి, పొలంలో మూడంటే మూడు కొంగలు మొదట ఏమంత గొప్పగా అనిపించలేదు. 1941లో ఇవి ప్రపంచం మొత్తం మీద 20 పైచిలుకే మిగిలాయని, కాపాడుకుంటూ రాగా ఇప్పుడు ఒక్క ఈ తీరానికొచ్చేవే 500 దాటాయని చెప్పాను. ఆ తర్వాత బైనాక్యులర్స్ నా చేతికి రాలేదు. మీరు ఈ లెక్క దారిలోనే చెప్పేయండి.

కంచె అవతలంతా ప్రైవేటు స్థలం, కాలు పెట్టొద్దు. హారన్, డ్రోన్, ఫోన్‌లో పక్షి కూతలు ఏవీ వద్దు. మేత మానేసి మెడ నిక్కించి మీ వైపే చూస్తోందంటే దానికి ఇబ్బందిగా ఉందని అర్థం, వెనక్కి జరగండి. వీటిని వేధించడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం కూడా.

అవి నీలి పీతలని పట్టి తినడం దగ్గర్నుంచి చూడాలంటే రాక్‌పోర్ట్, ఫుల్టన్ రేవుల నుంచి అరాన్సస్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్ బురదమడుల వైపు వెళ్లే పడవలున్నాయి. గాలి ఎక్కువుంటే పెద్దవాళ్లకి కళ్లు తిరుగుతాయి, ఫోర్‌కాస్ట్ చూసే బుక్ చేయండి. పడవలో బాత్‌రూమ్ ఉందో లేదో ముందే అడగండి.

టెక్సాస్ చలిని తేలిగ్గా తీసుకోవద్దు. ఉత్తరపు గాలి తిరిగిందంటే కొన్ని గంటల్లోనే 70 డిగ్రీల ఫారెన్‌హీట్ 40కి పడిపోతుంది. ఇండియా నుంచి తెచ్చిన మంకీ క్యాప్ ఇక్కడ బాగా పనికొస్తుంది. గాలి లేని వెచ్చటి రోజైతే దోమలుంటాయి, స్ప్రే పెట్టుకోండి. తిండికి పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్తే బే పక్కన పిక్నిక్ బల్లల మీద తినొచ్చు. ఏమైనా తక్కువైతే రాక్‌పోర్ట్‌లో హెచ్‌ఈబీ సూపర్ మార్కెట్ ఉంది.

శనివారం మధ్యాహ్నానికి చేరి ఆ సాయంత్రం, మళ్లీ ఆదివారం తెల్లవారి చూడండి. తిరుగు ప్రయాణానికి ముందు బిగ్ ట్రీ దగ్గర కాసేపు ఆగండి. వెయ్యేళ్లు దాటిన చెట్టు, 2017లో హార్వీ తుఫానుని కూడా తట్టుకుంది. ఒంటిగంటకల్లా బయల్దేరితే 59 మీద షుగర్‌ల్యాండ్ దగ్గర సాయంత్రం ట్రాఫిక్ మొదలవకముందే ఇల్లు చేరతారు.