వాడికి ఎనిమిది, నాకు ఆరు: ఉద్యోగం కొత్తలో జీతాల పోలిక, సమస్యలు - పరిష్కారాలు

చదువు అయిపోయి ఉద్యోగంలో చేరిన మొదటి మూడు నాలుగేళ్లలో జీతం గురించి పడే టెన్షన్ తర్వాతెప్పుడూ అంతగా ఉండదు. కాలేజీలో అందరిదీ ఒకే క్లాసు, ఒకే క్యాంటీన్. ఏడాది తిరిగేసరికి ఒకరి ప్యాకేజీ ఇంకొకరికి రెండింతలు. పోల్చుకోవద్దు అని పెద్దవాళ్లు తేలిగ్గా అనేస్తారు గానీ అది ఎవరి వల్లా కాదు, నేనూ ఆ సలహా ఇవ్వను. పోల్చుకోండి, కానీ సగం లెక్కతో పోల్చుకోకండి. మిమ్మల్ని బాధపెడుతున్న తేడా కాగితం మీదిదా, ఖర్చులదా, నిజంగానే మీకు తక్కువ ఇస్తున్నారా అన్నది ముందు తేల్చుకోవాలి. మూడింటికీ చేయాల్సిన పని వేరు. ఉదాహరణలు సాఫ్ట్‌వేర్ నుంచి ఇస్తున్నాను, మనవాళ్లలో ఈ బాధ ఎక్కువగా అక్కడే వినిపిస్తుంది కాబట్టి.

"వాడి ప్యాకేజీ 8 లక్షలు, నాది 6 లక్షలే"

కారణం: ప్యాకేజీ అని అందరూ చెప్పే సీటీసీ (కాస్ట్ టు కంపెనీ) అంటే మీ చేతికొచ్చే డబ్బు కాదు, మీ మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి చేసి మానేసేటప్పుడు ఇచ్చే సొమ్ము), ఇన్సూరెన్స్ ప్రీమియం, పనితీరును బట్టి వస్తే వచ్చే వేరియబుల్, ఒక్కసారే ఇచ్చే జాయినింగ్ బోనస్ అన్నీ అందులో కలిపేస్తారు. నాలుగేళ్లలో విడతలుగా వచ్చే షేర్ల మొత్తం విలువను మొదటి ఏడాది అంకెలోనే చెప్పుకునేవాళ్లూ ఉన్నారు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇద్దరికీ బేసిక్ (మూల వేతనం) నెలకు 25,000 అనుకోండి. 8 లక్షల ఆఫర్‌లో జాయినింగ్ బోనస్ లక్ష, వేరియబుల్ 80,000, ఇన్సూరెన్స్ 15,000 పక్కన పెడితే 6,05,000. అందులో బేసిక్ మీద 12 శాతం చొప్పున కంపెనీ పీఎఫ్ 36,000, 4.81 శాతం లెక్కన గ్రాట్యుటీ 14,430 తీసేస్తే 5,54,570. అంటే నెలకు 46,214. మీ వాటా పీఎఫ్ 3,000, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోగా బ్యాంకులో పడేది సుమారు 43,000. ఇక 6 లక్షల ఆఫర్‌లో బోనస్ లేదు, వేరియబుల్ లేదు, ఇన్సూరెన్స్ 10,000. అదే వరసలో తీసేసుకుంటూ వెళ్తే నెలకు సుమారు 41,750 చేతికొస్తుంది. కాగితం మీద రెండు లక్షల తేడా నెల జీతంలో 1,250 దగ్గర తేలింది. కొత్త పన్ను పద్ధతిలో (న్యూ రెజీమ్) 2025-26 నుంచి 12,75,000 జీతం దాకా ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి ఇద్దరికీ ఆ గొడవ లేదు.

8 లక్షలవాడికి అదనంగా ఏమీ రాలేదని కాదు. బోనస్ లక్ష మొదటి ఏడాది వస్తుంది, వేరియబుల్ కూడా కొంత రావచ్చు. కానీ రెండో ఏడాది ఆ లక్ష ఉండదు. ఏడాదిలోపు మానేస్తే దాన్ని తిరిగి కట్టాలని చాలా ఆఫర్ లెటర్లలో రాసే ఉంటుంది. గ్రాట్యుటీ అయితే పర్మనెంట్ ఉద్యోగికి మామూలుగా ఐదేళ్లు నిండాకే.

ఏం చేయాలి: రెండు ఆఫర్ లెటర్లు పక్కపక్కన పెట్టుకుని ఫిక్స్‌డ్, అంటే ఖాయంగా వచ్చే జీతం, ఎంతో చూడండి. పోయినేడు వేరియబుల్ నిజంగా ఎంత శాతం ఇచ్చారో ఆ కంపెనీలో తెలిసినవాళ్లను అడగండి. ఫ్రెండ్‌తో చనువుంటే "నెలకు బ్యాంకులో ఎంత పడుతోందిరా?" అని అడిగేయండి. ఇన్‌హ్యాండ్ చూసేటప్పుడు పీఎఫ్ కూడా చూడాలి. నెలకు 1,800 మాత్రమే కట్ అయ్యేవాడికి చేతికి ఎక్కువొస్తుంది, కానీ వాడి పీఎఫ్ ఖాతాలో తక్కువ పడుతుంది. ఆ తేడా జీతంలో తేడా కాదు.

"ఒకే రోజు, ఒకే కంపెనీలో చేరాం, జీతాలు మాత్రం వేరు"

ఇది చేరకముందే తేలిపోయిన తేడా. పెద్ద సర్వీస్ కంపెనీల్లో మామూలు ఫ్రెషర్ ప్యాకేజీ చాలా ఏళ్లుగా మూడు నుంచి నాలుగు లక్షల మధ్యే ఆగిపోయింది. వాటిలోనే పరీక్ష బాగా రాసినవాళ్లను వేరే మెట్టులో తీసుకుంటారు. టీసీఎస్‌లో నింజా, డిజిటల్, ప్రైమ్ అంటారే, అవి ఈ మెట్ల పేర్లే. కింది మెట్టులో చేరినవాళ్లు పైకి వెళ్లడానికి లోపలే పరీక్షలు పెట్టే కంపెనీలున్నాయి. మీ దగ్గర ఆ దారి ఉందేమో చేరిన కొత్తలోనే కనుక్కోండి. బెంచ్ మీద, అంటే ఇంకా ప్రాజెక్టు ఇవ్వకుండా ఖాళీగా ఉంచినప్పుడు, చదువుకోవడానికి దొరికినంత టైమ్ ప్రాజెక్టులోకి వెళ్లాక దొరకదు.

"నా తర్వాత చేరినవాడికి నాకంటే ఎక్కువ"

అన్నిటికంటే ఎక్కువ మంటపెట్టేది ఇదే, చాలాసార్లు నిజమైన తేడా కూడా ఇదే.

కారణం: కొత్తవాళ్లను తెచ్చుకునే బడ్జెట్, ఉన్నవాళ్లకు హైకులిచ్చే బడ్జెట్ రెండూ వేరు. బయటివాణ్ని రప్పించాలంటే ఆ రోజు మార్కెట్‌లో ఉన్న ధర ఇవ్వక తప్పదు. లోపలున్నవాళ్లకు మాత్రం పాత జీతం మీద ఇంత శాతం అని పెంచుతారు. 10 శాతం హైక్ అంటే మూడున్నర లక్షలతో మొదలైనవాడికి 35,000, ఏడు లక్షలవాడికి 70,000. ఇద్దరికీ ఒకే రేటింగ్ వచ్చినా వాళ్ల మధ్య దూరం ఏటా పెరుగుతూనే పోతుంది. కాబట్టి మీ జీతం తక్కువగా ఉందంటే మీ పని తక్కువని కాదు, మీరు మొదలుపెట్టిన అంకె తక్కువని. చాలామంది పిల్లలు ఈ ఒక్క విషయం తెలియక తమను తామే తక్కువ చేసుకుంటారు. నాకు చాలా బాధనిపిస్తుంది.

ఏం చేయాలి: ముందు ఇద్దరి పని, అనుభవం, టెక్నాలజీ ఒకటేనా చూడండి. ఒకటే అయితే మేనేజర్‌తో మాట్లాడండి. ఏప్రిల్‌లో హైక్ వచ్చే కంపెనీ అయితే లెటర్ చేతికొచ్చాక అడిగి లాభం లేదు. డిసెంబర్, జనవరిలోనే, రేటింగులు, బడ్జెట్ ఖరారు కాకముందే అడగాలి. "ఫలానావాడికి ఇంత ఇస్తున్నారట" అని మాత్రం అనకండి. మీ జీతం మాట పక్కకుపోయి నీకెవరు చెప్పారన్న దగ్గర ఆగుతుంది, పాపం ఆ చెప్పినవాడికి ఇబ్బంది. ఇలా అడగొచ్చు:

"సర్, ఈ ఏడాది పేమెంట్స్ మాడ్యూల్ మొత్తం నేనే చూసుకున్నాను. రాత్రిపూట వచ్చే ప్రొడక్షన్ ఇష్యూలు బాగా తగ్గాయి. ఈ పనికి, ఈ అనుభవానికి బయట ఏడు నుంచి ఎనిమిది దాకా ఇస్తున్నారు. నేను ఐదులో ఉన్నాను. ఈ అప్రైజల్‌లో దీన్ని సరిచేసే వీలుందా? లేదంటే అందుకు నేనింకా ఏం చేయాలో చెప్తారా?"

అడిగాక ఆగండి. మౌనానికి భయపడి "పర్లేదు సర్, ఎంతైనా ఓకే" అని మీరే తగ్గించుకోవద్దు. మాట్లాడింది ఆ సాయంత్రమే మెయిల్‌లో నాలుగు లైన్లు రాసి పంపండి.

చూద్దాం, చేద్దాం అనే జవాబు రెండో అప్రైజల్‌లోనూ వస్తే ఇంటర్వ్యూలకు వెళ్లాల్సిందే. అక్కడ హెచ్‌ఆర్ పాత పే స్లిప్పులు చూసి "30 శాతం హైక్ ఇస్తాం" అంటారు. మూడున్నర మీద 30 శాతం అంటే 4,55,000. తక్కువ నుంచి మొదలైనవాళ్లకు శాతం ఎప్పుడూ నష్టమే. అందుకే శాతం అడగకండి, "ఈ రోల్‌కు నేను అనుకుంటున్నది ఇంత" అని అంకె చెప్పండి. నోటీస్ పీరియడ్ 90 రోజులైతే దాని గురించీ ముందే మాట్లాడుకోవాలి. రాజీనామా పెట్టాక పాత కంపెనీవాళ్లు కొత్త ఆఫర్‌లో ఉన్నంత జీతం ఇస్తాం ఉండిపొమ్మంటే, నా మటుకు నేను వెళ్లిపొమ్మనే చెప్తాను. ఇవ్వగలిగి కూడా అప్పటిదాకా ఇవ్వలేదు కదా.

అమ్మాయిలకు ఒక మాట. ఒకే పనికి ఆడవాళ్లకు తక్కువ జీతం ఇవ్వకూడదని 1976 నుంచి మన దేశంలో చట్టం ఉంది. వేతనాల కోడ్, 2019లోనూ అదే నియమం ఉంది. టీమ్‌లో అబ్బాయిలకు ఎంత ఇస్తున్నారో కనుక్కోవడానికి మొహమాటపడకండి.

"జీతం ఒకటే, వాడికి మిగులుతోంది, నాకు మిగలడం లేదు"

కూకట్‌పల్లిలో అమ్మానాన్నల దగ్గరుండి ఆఫీసుకు వెళ్లేవాడినీ, గచ్చిబౌలి పీజీలో ఉంటూ ఇంటికి డబ్బు పంపుతూ ఎడ్యుకేషన్ లోన్ కట్టేవాడినీ ఒకే తక్కెడలో వేయలేం. అద్దె, ఈఎంఐ, ఇంటికి పంపేది తీసేశాక మిగిలినదాన్నే పోల్చండి, అదీ మీలాంటి బాధ్యతలున్నవాడితో.

అమెరికాలో ఉన్న క్లాస్‌మేట్ డాలర్ల జీతాన్ని రూపాయల్లోకి మార్చి కుమిలిపోవడం కూడా ఇలాంటిదే. అతను అద్దె, పన్నులు, ఎంఎస్ అప్పు డాలర్లలోనే కడుతున్నాడు. అక్కడున్నవాళ్లు తమలో తాము పోల్చుకోవాలంటే మనకంటే మంచి ఆధారాలున్నాయి. హెచ్-1బీ వర్క్ వీసా దరఖాస్తుల్లో కంపెనీలు చూపిన జీతాలను అక్కడి కార్మిక శాఖ బయటపెడుతుంది. కొలరాడోలో 2021 నుంచి, కాలిఫోర్నియాలో 2023 నుంచి ఉద్యోగ ప్రకటనలోనే జీతం ఎంత నుంచి ఎంత దాకా అన్నది రాయాలి. మనకు ఆ సౌకర్యం లేదు. యాంబిషన్‌బాక్స్, గ్లాస్‌డోర్‌లో కనిపించేవి ఉద్యోగులు సొంతంగా రాసినవి, కొన్ని పాతవి, కొందరు సీటీసీ రాస్తారు, కొందరు ఫిక్స్‌డ్ రాస్తారు. వాటికంటే రిక్రూటర్ ఫోన్ చేసినప్పుడు "ఈ రోల్‌కు మీ బడ్జెట్ ఎంతండీ?" అని అడగడం మేలు. ఇద్దరు ముగ్గురు రిక్రూటర్లు చెప్పేసరికి మీ ధర మీకు తెలుస్తుంది.

"చుట్టాలు అడిగితే తల కొట్టేసినట్టుంటోంది"

పెళ్లిలో పక్కన కూర్చున్న పెద్దమ్మ "నీకెంతరా? మా వాడికి పన్నెండట" అంటుంది. ఆమెకు లెక్క చెప్పాల్సిన పని లేదు. "బానే ఉంది పెద్దమ్మా, ఇంకా నేర్చుకుంటున్నా" అంటే చాలు. అసలు మాట్లాడాల్సింది అమ్మానాన్నలతో. ఒకరోజు కూర్చోబెట్టి పే స్లిప్ చూపించండి. ఎంత వస్తుంది, ఎక్కడెక్కడ పోతుంది, రెండేళ్లలో ఏం చేయాలనుకుంటున్నారు, అన్నీ చెప్పండి. పక్కింటివాళ్ల అంకె వినగానే వాళ్లు కంగారుపడేది సగం తెలియకపోవడం వల్లే. పెళ్లి సంబంధాల్లో ప్యాకేజీ పెంచి చెప్పమని ఎవరన్నా ఒప్పుకోకండి. ఆ అబద్ధాన్ని తర్వాత ప్రతి నెలా మీరే మోయాలి.

"వాళ్ల జీతాలు తెలిసినప్పట్నుంచి పని మీద మనసు నిలవడం లేదు"

ఇది మీ ఒక్కరి బలహీనత కాదు. కాలిఫోర్నియా యూనివర్సిటీ ఉద్యోగుల్లో కొందరికి, తోటివాళ్ల జీతాలు చూసుకునే వెబ్‌సైట్ ఒకటుందని పరిశోధకులు చెప్పి చూశారు. 2012లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తమ విభాగంలో సగటు మనిషికంటే తక్కువ వస్తున్నవాళ్లలో అసంతృప్తి పెరిగింది, వేరే ఉద్యోగం చూసుకోవాలన్న ఆలోచన పెరిగింది. ఎక్కువ వస్తున్నవాళ్లకు మాత్రం ఆ సంగతి తెలిసి సంతోషమేమీ పెరగలేదు.

ఏం చేయాలి: జీతాలు చూసుకోవడానికి ఏడాదిలో రెండుసార్లు పెట్టుకోండి, అప్రైజల్‌కు ముందొకసారి, ఆర్నెల్ల తర్వాత ఇంకోసారి. మిగతా రోజుల్లో జీతాల ముచ్చట్లు నడిచే వాట్సాప్ గ్రూప్‌ను మ్యూట్‌లో పెట్టేయండి, ముఖ్యంగా హైక్ లెటర్లు వచ్చే వారంలో. ఎక్కువ తెచ్చుకుంటున్నవాడిని తప్పించుకు తిరగకుండా, ఏ ప్రశ్నలడిగారు, ఏం చదివావు అని అడగండి. చాలామంది ఓపిగ్గా చెప్తారు, రిఫరల్ కూడా ఇస్తారు. ఇవన్నీ చేసినా వారాల తరబడి నిద్ర పట్టకపోతే, తిండి సహించకపోతే అది జీతం సమస్యగా మిగల్లేదని అర్థం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.