గ్రాడ్యుయేషన్ వేదిక మీద ప్రార్థన: మీ అమ్మాయో అబ్బాయో వద్దంటే ఏం చేయాలి

మన ఊళ్ళలో బడి మొదలయ్యేదే ప్రార్థనతో. రోజూ వరుసలో చేతులు జోడించి నిలబడి పెరిగిన అమ్మానాన్నలకు, అమెరికాలో ఎనిమిదో తరగతి పూర్తి చేస్తున్న కూతురు "స్టేజీ మీద ప్రార్థన చేయిస్తారట, నాకిష్టం లేదు" అంటే పెంకితనంలా తోస్తుంది. దయచేసి ఆ పిల్లను కసరకండి. ఇక్కడ పబ్లిక్ స్కూలంటే ప్రభుత్వమే, ప్రభుత్వం పిల్లలచేత ప్రార్థన చేయించకూడదు. హెచ్‌4 వీసా మీదున్న పిల్లలకూ ఈ రక్షణ ఉంది. మన దేశానికీ ఇది కొత్త కాదు: ప్రభుత్వ గుర్తింపు లేదా నిధులున్న విద్యాసంస్థలో మైనరును సంరక్షకుల సమ్మతి లేకుండా ప్రార్థనకు హాజరు కమ్మనకూడదని భారత రాజ్యాంగం 28వ అధికరణమే చెబుతోంది.

ముందుగా తెలుసుకోవాల్సింది లీ వర్సెస్ వైస్‌మన్ కేసు. 1989లో రోడ్ ఐలాండ్ రాష్ట్రం ప్రావిడెన్స్‌లో ఒక మిడిల్ స్కూల్ ప్రిన్సిపల్ గ్రాడ్యుయేషన్‌కు ఒక యూదు మతగురువును పిలిచి, ప్రార్థన ఎలా ఉండాలో సూచించే కరపత్రం ఇచ్చారు. ప్రార్థన ఏ ఒక్క మతానికీ చెందనట్టే సాగింది. అయినా 1992లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో అది చెల్లదంది. ఇష్టం లేకపోతే రాకుండా ఉండొచ్చుగా అన్న స్కూలు వాదన నిలవలేదు. జీవితంలో ఒక్కసారి వచ్చే రోజును వదులుకోమని పిల్లలను అడగడం కుదరదని కోర్టు అభిప్రాయం. టెక్సస్‌లోని శాంటా ఫేలో ఫుట్‌బాల్ ఆటలకు ముందు, పిల్లలే ఓటేసి ఎన్నుకున్న విద్యార్థి స్కూల్ మైకులో ప్రార్థన చదివే పద్ధతినీ 2000లో 6-3తో కొట్టేశారు. 2022లో మాత్రం, ఆట ముగిశాక మైదానంలో తనకు తానుగా ప్రార్థనకు మోకరిల్లిన బ్రెమర్టన్ (వాషింగ్టన్ రాష్ట్రం) పబ్లిక్ స్కూల్ ఫుట్‌బాల్ కోచ్‌ పక్షాన తీర్పు వచ్చింది.

కాబట్టి అభ్యంతరం రాసేముందు మూడు సంగతులు ఆరా తీయండి. మాట్లాడేవాళ్ళను ఎవరు ఎంపిక చేశారు? ఆ మాటలను స్కూలు ముందే చూసిందా? ప్రోగ్రాం కాగితంలో "ఇన్వొకేషన్" (మొదటి ప్రార్థన), "బెనెడిక్షన్" (ముగింపు ఆశీర్వచనం) అని అచ్చయిందా? క్లాసు ఫస్టు వచ్చిన విద్యార్థి తన ప్రసంగంలో తన దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడం వేరే సంగతి. టెక్సస్‌లో 2007 నాటి చట్టం అలాంటి విద్యార్థి వక్తలకు చోటిస్తుంది, అది స్కూలు అభిప్రాయం కాదన్న ప్రకటన ఉండాలంటుంది. టెక్సస్, లూయిజియానా, మిసిసిపీలకు వర్తించే ఫిఫ్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు విద్యార్థులే కోరుకున్న, ఏ మతానికీ చెందని గ్రాడ్యుయేషన్ ప్రార్థనను 1992లోనే ఒప్పుకుంది. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. గ్రాడ్యుయేషన్‌కు ముందు విడిగా జరిపే బాకలోరియట్ అనే మతపరమైన సభ పూర్తిగా వేరు. అది చర్చిలో ప్రైవేటుగా జరిగేదైతే దానిమీద ఫిర్యాదు నిలవదు.

ఉత్తరం కనీసం మూడు నాలుగు వారాల ముందే ప్రిన్సిపల్‌కు ఈమెయిల్లో పంపండి. ఫోన్లో చెప్పిన మాటకు రుజువుండదు, చివరి వారంలో పంపితే "ప్రోగ్రాములు అచ్చయిపోయాయి" అంటారు. నాలుగైదు వాక్యాలు చాలు: "గ్రాడ్యుయేషన్‌లో ఇన్వొకేషన్ ఉందని తెలిసింది. దీన్ని ఎవరు ఏర్పాటు చేశారో చెప్పండి. స్కూలు ఏర్పాటు చేసిన ప్రార్థన లీ వర్సెస్ వైస్‌మన్ తీర్పుకు విరుద్ధం కనుక తొలగించమని కోరుతున్నాం. మా బిడ్డ పేరు గోప్యంగా ఉంచండి. ఫలానా తేదీలోగా రాతపూర్వకంగా జవాబివ్వండి."

"మా మనసు నొచ్చుకుంది" అని రాస్తే, జవాబుగా ఓదార్పే వస్తుంది. ప్రార్థనను స్కూలు ఏర్పాటు చేసిందన్న పాయింటు మీదే నిలబడండి. మనవాళ్ళు తరచూ చేసే ఇంకో పొరపాటు "అయితే మా శ్లోకం కూడా పెట్టండి" అనడం. రెండు ప్రార్థనలు పెట్టినా ఏర్పాటు స్కూలుదే, పైగా మీ అభ్యంతరాన్ని మీరే వదులుకున్నట్టవుతుంది.

వారంలో జవాబు రాకపోతే అదే ఈమెయిల్‌ను స్కూల్ డిస్ట్రిక్ట్ పెద్ద అయిన సూపరింటెండెంట్‌కు పంపండి. స్కూలు హ్యాండ్‌బుక్‌లో గ్రీవెన్స్ (లాంఛనంగా ఫిర్యాదు చేసే) గడువు చూసుకోండి, అది దాటితే ఫిర్యాదు అక్కడితో ఆగిపోవచ్చు. అప్పటికీ కదలకపోతే పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూకు మీ రాష్ట్రంలో ఉన్న శాఖకు గానీ, ప్రభుత్వాన్నీ మతాన్నీ వేరుగా ఉంచాలని పోరాడే ఫ్రీడమ్ ఫ్రమ్ రిలిజియన్ ఫౌండేషన్‌కు గానీ రాయండి. మీ కుటుంబం పేరు బయటపెట్టకుండానే వాళ్ళ లాయర్లు స్కూలుకు ఉత్తరం రాయగలరు. చిన్న ఊళ్ళలో ఇది చాలా అవసరం. పేరు బయటికొస్తే తోటి పిల్లలు ఆ బిడ్డనే వేలెత్తి చూపిస్తారు. శాంటా ఫే కేసు వేసిన కుటుంబాలు కూడా మారుపేర్లతోనే వేశాయి. అందుకే తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో స్కూలు పేరు, టీచరు పేరు పెట్టకండి, స్క్రీన్‌షాట్ ఎటు పోతుందో మన చేతిలో ఉండదు.

ప్రైవేటు స్కూళ్ళకు ఈ తీర్పులు వర్తించవు. ఎంఎస్ చదివేవాళ్ళకూ ఇదే ధైర్యం చెప్పలేం: టెనసీలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీ మీద భారతదేశం నుంచి వచ్చిన హిందూ ప్రొఫెసరు వేసిన కేసులో, పెద్దవాళ్ళ మీద అంత ఒత్తిడి ఉండదంటూ 1997లో కోర్టు యూనివర్సిటీ వైపే నిలిచింది.

ఏం చేసినా ఆ రోజు ప్రార్థన జరిగిందనుకోండి. "అందరూ లేవండి, తలలు వంచండి" అన్నప్పుడు మీ బిడ్డ లేవక్కర్లేదు, తల వంచక్కర్లేదు. గొడవ చేయకుండా కూర్చుంటే చాలని ముందు రాత్రే చెప్పి ఉంచండి. గౌను వేసుకుని ముందు వరుసల్లో ఒంటరిగా కూర్చున్న పిల్ల వెనక్కి తిరిగి చూసినప్పుడు, మీరూ కూర్చునే కనిపించండి.