గేర్‌బాక్స్ దించాలన్నారు, ఆయిల్‌తోనే సరిపోయింది

మా పాత ఆటోమేటిక్ కారు పొద్దున్నే 'డీ' (డ్రైవ్, అంటే ముందుకెళ్లే గేర్)లో పెడితే కాసేపు ఆగి, ఒక్క కుదుపుతో కదిలేది. మెకానిక్ గేర్‌బాక్స్ దించాలన్నాడు. ముందు గేర్‌బాక్స్ ఆయిల్ చూద్దామనుకున్నా. బండి వేడెక్కాక మిట్టపల్లాలు లేని చోట నిలిపి, బ్రేక్ తొక్కి పట్టుకుని లివర్‌ను అన్ని గేర్లలోకీ తిప్పి, 'పీ' (పార్క్)లో పెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉండగానే గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) తీశాను. (కొన్ని కార్లలో ఇంజిన్ ఆపి చూడాలి, కొన్నింటికి డిప్‌స్టిక్కే ఉండదు. మాన్యువల్ చూడాల్సిందే.) లెవెల్ బాగా తక్కువ. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ గోధుమ రంగుకు తిరిగింది. మాడు వాసన మాత్రం లేదు, తెల్లగుడ్డకు తుడిస్తే లోహపు రజనూ కనిపించలేదు. అంటే లోపలి భాగాలు మరీ పాడైనట్టు లేవని సగం టెన్షన్ తగ్గింది. గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ పైపు జాయింట్ దగ్గర లీకు దొరికింది. క్లాంప్ మార్పించి, మాన్యువల్‌లో చెప్పిన రకం ఆయిలే పోయించాను. మెషిన్‌తో ఫ్లషింగ్ (పాత ఆయిల్‌ను ఒత్తిడితో బయటికి నెట్టి కడగడం) వద్దన్నాను. ఇప్పుడు 'డీ'లో వెయ్యగానే కదులుతోంది.