అప్పు వార్త చదవడం ఎలా? 6వ పాఠం: గ్రీస్ ఓటు చీటీ

పోయిన పాఠంలో తప్పు నాదే. దేశం అప్పును ఇంటి అప్పుతో పోల్చి, నెలకు 40 వేల జీతం, 6 లక్షల అప్పు ఉన్న ఒక కుటుంబాన్ని మీ ముందు పెట్టాను. అప్పుకూ ఆదాయానికీ ఉన్న నిష్పత్తి సంగతి తేలిగ్గా తలకెక్కుతుందని నా ఆశ. నిష్పత్తి ఎక్కలేదు గానీ, ఆ కుటుంబం మాత్రం అందరి బుర్రల్లో కాపురం పెట్టేసింది. అభ్యాసంలో గ్రీస్ అంకెలిచ్చి "భారం పెరిగిందా, తగ్గిందా?" అని అడిగితే, సగానికి పైగా జవాబుల్లో "తగ్గింది, ఇంకాస్త పొదుపు చేస్తే తీరిపోతుంది" అని ఉంది. ఒకరైతే పండక్కి బట్టలు మానేస్తే సరి అని కూడా రాశారు.

అందుకని ఇవాళ, రుణదాతల షరతుల మీద 2015లో గ్రీస్ ప్రజలు వేసిన ఓటు చీటీ విప్పేముందు ఆ అంకెలు మళ్ళీ చూడక తప్పదు.

2011 చివర అప్పు సుమారు 355 బిలియన్ యూరోలు, జీడీపీ సుమారు 207. 2014 చివర అప్పు సుమారు 320, జీడీపీ సుమారు 178. అప్పు 35 బిలియన్లు తగ్గిన మాట నిజమే. మీరు అక్కడే పెన్ను మూసేశారు. భాగించండి. మొదటిది 171 శాతం, రెండోది దాదాపు 180. పై అంకె పదో వంతు తగ్గేలోపు కింది అంకె ఏడో వంతు కరిగిపోయింది. పైగా ఈ మధ్యలోనే, 2012లో, గ్రీస్ ప్రభుత్వానికి అప్పిచ్చిన ప్రైవేటు బాండ్‌దారులు అసలులో 53.5 శాతం వదులుకున్నారు. వంద బిలియన్లకు పైగా చెరిపేశాక కూడా పరిస్థితి ఇది. చెరిపిన చోట కొత్త అప్పు వచ్చి కూర్చుంది. ఆ బాండ్లు కొన్నవాళ్ళలో గ్రీస్ బ్యాంకులూ ఉన్నాయి, వాటిని మళ్ళీ నిలబెట్టడానికే బోలెడు డబ్బు పోయింది.

కింది అంకె ఎందుకు కరిగింది? ఇక్కడే ఇంటి పోలిక మనల్ని ముంచింది. ఇల్లు ఖర్చు తగ్గించుకుంటే యజమాని జీతం తగ్గదు. ఆయన ఆఫీసు వేరే ఎక్కడో ఉంది కాబట్టి. అదే ఆయనకు ఊళ్ళో ఒకే ఒక్క కిరాణా కొట్టు ఉందనుకోండి. కొట్టులో ఇద్దరు కొడుకులు పనిచేస్తారు, వాళ్ళ కుటుంబాలు సరుకులు కొనేది కూడా ఆ కొట్టులోనే. అప్పు తీర్చాలని పెద్దాయన కొడుకుల జీతాలు కోశాడు. వచ్చే నెల కోడళ్ళు నూనె ప్యాకెట్ రెండుకు బదులు ఒకటే తీసుకెళ్ళారు. గల్లాపెట్టె తేలికైంది. ఆయన ఇంకొంచెం కోశాడు. గ్రీస్‌లో జరిగింది ఇదే. పెన్షన్లు, జీతాలు కోసి పన్నులు పెంచేసరికి అమ్మకాలు పడిపోయాయి, వసూలు కావలసిన పన్నూ పడిపోయింది. నిరుద్యోగం 27 శాతం దాటింది, యువతలో సగం మందికి పైగా పని లేదు. 2008తో పోలిస్తే ఆర్థిక వ్యవస్థ నాలుగో వంతు కుదించుకుపోయింది.

గ్రీస్ పాలకుల తప్పు లేదని ఎవరూ రాయకండి. 2009 బడ్జెట్ లోటును ముందు తక్కువ చేసి చూపించారు, చివరికి అది జీడీపీలో 15 శాతం పైనే తేలింది. ఆ కథ 3వ పాఠంలో అయిపోయింది, మళ్ళీ చెప్పను. బాండ్ అంటే ఏమిటి, వడ్డీ ఎందుకు పెరుగుతుంది అన్నవి కూడా.

ఇక 2015కి వద్దాం. జూన్ 26 శుక్రవారం అర్ధరాత్రి దాటాక ప్రధాని అలెక్సిస్ సిప్రాస్ టీవీలోకి వచ్చి, రుణదాతల షరతుల మీద జూలై 5న ప్రజల ఓటు అని ప్రకటించాడు. వ్యవధి తొమ్మిది రోజులు. మర్నాడు యూరోగ్రూప్ (యూరో దేశాల ఆర్థిక మంత్రుల బృందం) బెయిలవుట్ కార్యక్రమం, అంటే షరతుల మీద ఇచ్చే సహాయ అప్పు, గడువు పొడిగించేది లేదంది. 28న యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్, గ్రీస్ బ్యాంకులకు అందే అత్యవసర నగదు పరిమితిని ఉన్నచోటే ఆపేసింది. జనం డబ్బు లాగేసుకుంటుంటే, నింపే గొట్టం బిగిసిపోయింది. సోమవారం, 29న, బ్యాంకులు తెరవలేదు. ఏటీఎంలో రోజుకు 60 యూరోలు. చాలా మెషిన్లలో 20 నోట్లు అయిపోయి, వరుసలో నిలబడ్డ మనిషికి 50 నోటు ఒకటి చేతికొచ్చేది, మిగతా పదీ కాగితం మీదే. కార్డులు లేని పెన్షనర్ల కోసం కొన్ని బ్రాంచీలు తెరిచి తలా 120 యూరోలు ఇచ్చారు. జనం ఓటు వేసింది ఆ వారంలోనే.

ఇప్పుడు నన్ను ఏళ్ళ తరబడి విసిగిస్తున్న చిక్కు. "గ్రీస్ ప్రజలు యూరో వద్దని ఓటేశారు" అన్న వాక్యం నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఓటు చీటీ చదవనివాళ్ళు రాసే వాక్యం అది. చీటీలో అడిగింది ఇదీ: యూరోపియన్ కమిషన్, యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్, అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) కలిసి 2015 జూన్ 25న యూరోగ్రూప్ ముందు పెట్టిన ఒప్పంద ప్రతిపాదనను ఆమోదించాలా? దాని కింద రెండు పత్రాల పేర్లు. ఒకటి నడుస్తున్న కార్యక్రమాన్ని ముగించడానికీ ఆ తర్వాతకూ కావలసిన సంస్కరణలు, రెండోది అప్పు మోయగలరా లేదా అన్న ప్రాథమిక విశ్లేషణ. ఆ ప్రశ్నలో యూరోలో ఉండాలా వద్దా అన్న మాట లేనే లేదు. ఆ రోజుల్లో సర్వేలు చూస్తే ఎక్కువమంది గ్రీకులు యూరో ఉంచుకోవాలనే అన్నారు. షరతులు వద్దు, యూరో కావాలి. రెండూ ఒకే మనిషి మనసులో ఉండొచ్చు. లిఫ్ట్ కాంట్రాక్టరు కొటేషన్ వద్దన్నవాడు లిఫ్టే వద్దన్నట్టు కాదు.

మరి ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? ప్రచారంలోంచి. వద్దంటే యూరప్‌నే వద్దన్నట్టు అని కమిషన్ అధ్యక్షుడు యుంకర్ సహా అవతలి నాయకులు చెప్పారు. వద్దంటే బేరానికి నాకు బలం వస్తుంది అని సిప్రాస్ చెప్పాడు. అంటే చీటీలో ఉన్న ప్రశ్న ఒకటి, అవతలివాళ్ళు వినిపించిన ప్రశ్న ఒకటి, ఇవతలివాళ్ళది మరొకటి. మూడూ పక్కపక్కన రాసుకోండి. ఏ దేశంలో ఏ ప్రజాభిప్రాయ సేకరణ వార్త వచ్చినా నేను మొదట చేసే పని ఇదే, ఫలితం ఆ తర్వాతే చూస్తాను.

లిఫ్ట్ ఉదాహరణను ఇంకొంచెం లాగుతాను. ఆ కొటేషన్ గడువు జూన్ 30, అసోసియేషన్ మీటింగ్ జూలై 5 అనుకోండి. చేతులెత్తి ఓటేసేది దేని మీద? చెల్లని కాగితం మీద. గ్రీస్‌లో అచ్చంగా ఇదే జరిగింది. కార్యక్రమం జూన్ 30తో ముగిసింది, దాంతోపాటు ఆ ప్రతిపాదనా పోయింది. అదే రోజు ఐఎంఎఫ్‌కు కట్టాల్సిన సుమారు 1.5 బిలియన్ యూరోల వాయిదా తప్పింది. ఇంకో విషయం: అసోసియేషన్ తీర్మానం ఫ్లాట్లవాళ్ళకే గానీ కాంట్రాక్టరుకు వర్తించదు. అవతల 18 యూరో దేశాలు, వాటికీ పార్లమెంట్లు, వాటికీ ఓటర్లు.

చీటీలో ఒక తమాషా. "ఆమోదించం, కాదు" పైన ఉంది, "ఆమోదిస్తాం, అవును" కింద. గ్రీకులో కాదు అంటే ఓహి, అవును అంటే నే. మన చెవికి పూర్తిగా తిరగబడి వినిపిస్తాయి. ఓహి వాళ్ళకు మామూలు మాట కాదు. 1940 అక్టోబర్ 28న ముస్సోలినీ హెచ్చరికను తిప్పికొట్టిన రోజును ఓహి దినం అని సెలవిచ్చి జరుపుకుంటారు. అలాంటి మాటకు చీటీలో మొదటి చోటు దక్కింది.

ఫలితం: ఓహి 61.31 శాతం, నే 38.69. పోలింగ్ 62.5 శాతం. మర్నాడే ఆర్థిక మంత్రి యానిస్ వరుఫాకిస్ రాజీనామా. వారం తిరిగేసరికి జూలై 12, 13 తేదీల్లో బ్రస్సెల్స్‌లో రాత్రంతా సాగిన సమావేశంలో సిప్రాస్ కొత్త ఒప్పందానికి తలూపాడు. 86 బిలియన్ యూరోల దాకా మూడో బెయిలవుట్, జనం వద్దన్నవాటికంటే కొన్ని చోట్ల గట్టి షరతులు. 300 మంది పార్లమెంటులో 229 మంది ఒప్పుకున్నారు, సిప్రాస్ సొంత పార్టీలో చాలామంది ఎదురు తిరిగారు. సెప్టెంబర్ ఎన్నికల్లో మళ్ళీ ఆయనే గెలిచాడు. ద్రోహం అనేవాళ్ళున్నారు, వేరే దారి లేదనేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆ రెండు మాటలకంటే క్యాలెండరే ఎక్కువ చెబుతుంది.

నా అడ్డదారి అదే. అప్పు వార్త రాగానే తర్వాతి పెద్ద వాయిదా ఎప్పుడో వెతికి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. గ్రీస్‌కు అది జూలై 20, యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ దగ్గరున్న బాండ్ల మీద వడ్డీ కాకుండా అసలు మొత్తమే 3.5 బిలియన్లు. ఓటు 5న, వాయిదా 20న, బ్యాంకులు మూతపడి ఉన్నాయి, సొంతంగా అచ్చేసుకోవడానికి నోటు లేదు. ఆ పదిహేను రోజుల్లో ఎవరి చెయ్యి పైన ఉంటుందో మీరే చెప్పండి. చివరికి 7 బిలియన్ల చిల్లర తాత్కాలిక అప్పు ఇప్పించి ఆ వాయిదా, ఐఎంఎఫ్ బకాయి కట్టించారు. బ్యాంకులు తెరిచిందీ ఆ 20వ తేదీనే.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టంగానే ఇస్తున్నాను, గంటన్నర పెట్టుకోండి.

ఐస్‌లాండ్‌లో 2008లో కూలిన ఒక బ్యాంకు, ఐస్‌సేవ్ పేరుతో బ్రిటన్, నెదర్లాండ్స్ జనం దగ్గర డిపాజిట్లు తీసుకుంది. ఆ రెండు ప్రభుత్వాలు తమవాళ్ళకు డబ్బిచ్చి, అది తిరిగి కట్టమని ఐస్‌లాండ్‌ను అడిగాయి. కట్టే షరతుల మీద 2010 మార్చిలో ఓటు, 93 శాతం వద్దన్నారు. మార్చిన షరతుల మీద 2011 ఏప్రిల్‌లో మళ్ళీ ఓటు, దాదాపు 60 శాతం వద్దన్నారు. 2013 జనవరిలో ఎఫ్టా (ఐస్‌లాండ్, నార్వే వంటి దేశాల వాణిజ్య కూటమి) కోర్టు ఐస్‌లాండ్ వైపే తీర్పిచ్చింది. అక్కడ వద్దన్న మాట నిలిచింది, గ్రీస్‌లో నిలవలేదు. ఎందుకు? నాలుగు గళ్ళ పట్టిక వేయండి: అప్పు ఎవరు చేశారు, ఏ నోటులో నడిచే దేశం, ఎర్ర సున్నా ఎక్కడుంది, ఓటు తర్వాత తేల్చే మూడో మనిషి ఎవరైనా ఉన్నారా. గ్రీస్‌కూ ఐస్‌లాండ్‌కూ విడివిడిగా నింపి, ఏ గడి తేడా అన్నిటికంటే ముఖ్యమో ఒక్క పేరాలో రాయండి. ఐస్‌లాండ్ కూడా అప్పుడు ఐఎంఎఫ్ అప్పులోనే ఉంది, ఆ సంగతి మర్చిపోతే మార్కులు కోస్తాను.

జవాబులో కుటుంబం కనిపిస్తే చదవను.