వార్త వెనుక ఉన్న పైరవీని గుర్తించడం ఎలా?

ఒడిశాలోని మా రాయగడ జిల్లాలో ఏ గనికో, కర్మాగారానికో అనుమతి వచ్చినప్పుడల్లా పత్రికలన్నీ అమ్ముడుపోయాయని కొందరు, పత్రికలో వచ్చింది కనుక నిజమేనని మరికొందరు వాదించుకోవడం ఏళ్ల తరబడి వింటున్నాను. రెండూ శ్రమ తప్పించుకునే మాటలే. ఒక వార్త జనాన్ని ఎటు మళ్లించిందో, దాని వెనుక ఎవరి ప్రయత్నం ఉందో, అది ప్రభుత్వ నిర్ణయంలో ఎక్కడ చేరిందో కాగితం మీద చూపవచ్చు. అయితే వరుస తప్పకూడదు.

ఒక పెద్ద గీతల పుస్తకం, కత్తెర, జిగురు, పెన్సిల్ ఉంటే చాలు. ఫోనులో తీసిన స్క్రీన్‌షాట్లు పనికిరావు. వార్త ఏ తేదీన, ఏ ఎడిషన్‌లో, ఏ పేజీలో, ఏ ప్రకటన పక్కన వచ్చిందో తెలియాలంటే అసలు కాగితమే ఉండాలి.

మొదట ఒకే ఒక నిర్ణయాన్ని ఎంచుకొని దాని ఉత్తర్వు తేదీని పుస్తకంలో రాయండి. అక్కడి నుంచి వెనక్కి నడవాలి. చాలామంది ఈ పత్రిక యజమాని ఎవరు, ఆ ఛానెల్ ఏ పార్టీది అన్న ప్రశ్నతో మొదలుపెడతారు. అలా మొదలుపెట్టినవారికి చదివిన ప్రతి వాక్యమూ ముందే అనుకున్నదానికి సాక్ష్యంగానే కనిపిస్తుంది కనుక యజమాని పేరును నేను చివరి పేజీలోనే రాస్తాను, మీరూ అక్కడే రాయాలి.

తర్వాత ఒడియా పత్రికనూ, సరిహద్దు అవతలి నుంచి వచ్చే తెలుగు పత్రికనూ పక్కపక్కన పెట్టి చదవండి. రెండు భాషలూ చదవగలగడం సరిహద్దు తెలుగువారికి ఉన్న పెద్ద వసతి. పోలవరం తెలుగు పత్రికకు జీవనాడి అయితే ఒడియా పత్రికకు మల్కన్‌గిరి ముంపు. ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ తమవేననే కొరాపుట్ జిల్లా సరిహద్దులోని కొటియా గ్రామాల విషయంలోనూ ఇంతే. ఇది పైరవీ కాదు, ఎవరి పాఠకుల వైపు వారు నిలబడటం. ఈ మొగ్గునూ, డబ్బు తీసుకొని రాసిన రాతనూ ఒకే గాటన కడితే ముందుకు సాగలేరు.

డబ్బు రాతకు గుర్తులు వేరు. ఎదుటి పక్షం మాట ఒక్కటీ ఉండదు, అంకెలన్నీ ఒకే చోటి నుంచి వస్తాయి, పోటీ పత్రికలలోనూ అవే వాక్యాలు కనిపిస్తాయి. 2009 మహారాష్ట్ర శాసనసభ ఎన్నికల వేళ వేర్వేరు పత్రికలలో, వేర్వేరు విలేకరుల పేర్లతో, అక్షరం మారని వ్యాసాలు వచ్చిన సంగతిని పాత్రికేయుడు పి. సాయినాథ్ బయటపెట్టారు. ఆ తర్వాత ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఉపసంఘంలో తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి, మరో పాత్రికేయుడు పరంజయ్ గుహా ఠాకూర్తా కలిసి పెయిడ్ న్యూస్‌పై, అంటే ఈ డబ్బు రాతపై, వివరమైన నివేదిక రాస్తే, కౌన్సిల్ 2010లో దానిని కుదించి ఆమోదించింది. పూర్తి పాఠం బయటికి రావడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం కావలసి వచ్చింది.

ఇక అందరూ చెడగొట్టే పని తేదీలను జతచేయడం. ఎడమ పేజీలో పత్రికలో వచ్చినవి, కుడి పేజీలో కార్యాలయంలో జరిగినవి రాస్తాం. ఎడమవైపు వార్త ముందు వచ్చి, కుడివైపు ఉత్తర్వు తర్వాత వచ్చేసరికి, వార్త వల్లనే ఉత్తర్వు వచ్చిందని గీత గీసేయాలనిపిస్తుంది. అలా గీయకండి. నేను ఒకసారి తేదీలను మాత్రమే నమ్ముకొని ఒక గ్రామ సమావేశంలో ఒక విలేకరి డబ్బు తీసుకున్నాడని అన్నాను. తీరా చూస్తే అతడు కార్యాలయం ఇచ్చిన పత్రికా ప్రకటనను గడువులోగా పంపడం కోసం ఉన్నదున్నట్టు దించాడు, అంతే. రాసిన పంక్తులను బట్టి కూలి దొరికే కంట్రిబ్యూటర్ల బతుకు తెలిసి కూడా ఆ మాట అన్నందుకు అతని ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను.

మా వైపు ఉన్న నియమగిరి కొండలను తీసుకోండి. 2010 ఫిబ్రవరిలో ఆదివాసుల హక్కుల కోసం పనిచేసే విదేశీ సంస్థ సర్వైవల్ ఇంటర్నేషనల్ హాలీవుడ్ దర్శకుడు జేమ్స్ కామెరూన్‌ను ఉద్దేశించి, ఆ కొండల్లో ఉండే డోంగ్రియా కోందు ఆదివాసులకు సాయపడమని వెరైటీ అనే సినిమా పత్రికలో ప్రకటన వేయించింది. ఆగస్టులో కేంద్ర పర్యావరణ శాఖ అక్కడి బాక్సైటు తవ్వకానికి అటవీ అనుమతిని నిరాకరించింది. ఈ రెండు తేదీలే రాసుకున్నవారు విదేశీ ప్రచారమే గనిని ఆపిందంటారు. కాని ఆ రెంటి మధ్య ఆ శాఖే నియమించిన ఎన్.సి. సక్సేనా కమిటీ నివేదిక ఉంది, అటవీ హక్కుల చట్టం ఉల్లంఘనపై అందులోని నిర్ధారణలు ఉన్నాయి. నిరాకరణకు ఆధారంగా చూపినవి అవే. ప్రచారం ఆ విషయంపై దేశం దృష్టి నిలిపిందనవచ్చు, నిర్ణయం అదే చేసిందని అనలేం. కనుక ప్రతి రెండు తేదీల మధ్యా నాలుగు గీతల ఖాళీ వదిలి, ఏ నివేదిక, ఏ సమావేశం, ఏ లేఖ, ఏ కోర్టు తీర్పు అడ్డువచ్చిందో వెతికి రాసిన తర్వాతే గీత గీయాలి. పెన్సిల్ వాడమన్నది ఇందుకే.

ఇంకో జాగ్రత్త ఉంది. పైరవీ కంపెనీలే చేస్తాయనుకోకండి. ఉద్యమ సంఘాలు, కాంట్రాక్టర్లు, కుల సంఘాలు, పక్క రాష్ట్ర ప్రభుత్వాలు కూడా చేస్తాయి. మనకు నచ్చిన పక్షానికీ అదే కొలత వాడాలి. మన దేశంలో పైరవీకారుల పేర్లు నమోదుచేసే చట్టం లేదు. అప్పటి బలాంగీర్ ఎంపీ కాళికేశ్ నారాయణ్ సింగ్‌దేవ్ 2013లో అటువంటి ప్రైవేటు మెంబరు బిల్లు తెచ్చినా అది చట్టం కాలేదు. అందుచేత తెరచి చూడటానికి రిజిస్టరు లేదు, ఫైలే దిక్కు.

ఆ ఫైలు కోసం 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఒడిశాలో దానికి ఫారం-ఎ, పది రూపాయల రుసుము ఉంటాయి. హిందీ, ఇంగ్లీషు, ఆ ప్రాంతపు అధికార భాషలలోనే రాయాలి కనుక ఇక్కడ తెలుగులో కాక ఒడియాలో రాయించడమే మేలు. ఎవరు ప్రభావితం చేశారని అడిగితే జవాబు రాదు. ఫలానా ఫైలులోని నోట్‌షీట్లు (అధికారులు తమ అభిప్రాయాలు రాసే పుటలు), ఫలానా తేదీల మధ్య అందిన లేఖల ప్రతులు, పత్రికలకు విడుదల చేసిన ప్రకటనలు కావాలని పేరుపేరునా అడగాలి. ముప్పై రోజులలో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి. పత్రికా ప్రకటనలోని వాక్యాలే వార్తలో కనిపించినా, ఎవరో పంపిన లేఖలోని వాక్యాలే ఉత్తర్వులో కనిపించినా, అప్పుడు పెన్సిల్ గీత మీద సిరా దిద్దవచ్చు.

పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ జరగవలసిన ప్రాజెక్టు అయితే ఉత్తర్వు వచ్చేదాకా ఆగకండి. పర్యావరణ ప్రభావ అంచనాపై 2006లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం కనీసం ముప్పై రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన రావాలి. ఆ ప్రకటనను అంటించిన పేజీ నుంచే మీ పుస్తకం మొదలుకావాలి. ఆ నెల రోజులలో వచ్చే పొగడ్త వార్తలను, తిట్టు వార్తలను రోజూ కత్తిరించండి. సేకరణ రోజున పుస్తకాన్ని వెంట తీసుకువెళ్లి, సిరా దిద్దిన గీతలను మాత్రమే చదివి వినిపించి, మీరు చెప్పిన మాటలు కార్యక్రమ నివేదికలో చేరాయో లేదో అక్కడే చదివించుకోండి.